అంకె ఖాయం చేసే ముందు మడమ చూడండి: ఎత్తు పెంచే సర్జన్లకు బహిరంగ లేఖ

ఎత్తు కోసం కాళ్లు పొడిగించే ఆర్థోపెడిక్ సర్జన్లకు, ఆ ఆపరేషన్లు చేసే ఆసుపత్రుల నిర్వాహకులకు,

నమస్కారం.

మీరు ఎముక కోసి, రాడ్డు వేసి, రోజుకింత అని సాగదీయించే కాళ్లు ఆ తర్వాత నెలల తరబడి ఉండేది ఫిజియోథెరపీ బల్లల మీద. ఆ బల్లల దగ్గర పనిచేసేవాళ్లం రాస్తున్న లేఖ ఇది. ఆపరేషనే వద్దనడం మా ఉద్దేశం కాదు. పుట్టుకతో ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకూ, ప్రమాదంలో ఎముక ముక్క పోయినవాళ్లకూ ఈ పద్ధతి ఎంత మేలు చేసిందో మాకు తెలుసు. రెండు కాళ్లూ బాగున్న మనిషి ఎత్తు కోసమే వచ్చినప్పుడు మొదటి కన్సల్టేషన్‌లో జరిగే ఒక్క పని మీదే మా అభ్యంతరం. అక్కడ ఒక అంకె ఖాయమైపోతోంది. ఐదు సెంటీమీటర్లు అనో, ఎనిమిది అనో, రెండు దఫాలుగా పదమూడు అనో. ఇక అక్కణ్ణించి అందరూ ఆ అంకెకే కాపలా కాస్తారు. మడమ లేస్తున్నా, మోకాలు వంగకపోయినా "ఇంకెంత, ఎనిమిది మిల్లీమీటర్లే కదా" అనే మాట వస్తుంది. ఎక్కడ ఆపాలో కీలు చెప్పాలి. ఆ పని టేపుకు అప్పజెప్పడం వల్లే మా బల్లల మీదికి రాకూడని కాళ్లు వస్తున్నాయి.

ముందు శరీరం కొలతల సంగతి. నిలువెత్తు చూడటానికి ఒకటే అంకె. దాని లోపల కూర్చున్న ఎత్తు, తొడ ఎముక పొడవు, టిబియా అనే ముంగాలి ఎముక పొడవు ఉన్నాయి. పక్కనే బార ఉంది. రెండు చేతులూ చాచి కొలిచే ఆ బార చాలామందిలో నిలువెత్తుకు అటూ ఇటూగా ఉంటుంది. కూర్చున్న ఎత్తును నిలువెత్తుతో భాగిస్తే పెద్దవాళ్లలో 0.52 దగ్గర తేలుతుంది. టిబియాను తొడ ఎముకతో భాగిస్తే 0.80 దగ్గర. మనిషికీ మనిషికీ తేడాలుంటాయి, కాబట్టి పుస్తకంలోని సగటు పెట్టుకుని ఎదుట కూర్చున్న మనిషిని వదిలేస్తే లాభం లేదు.

ఒక లెక్క వేసి చూడండి. నిలువెత్తు 165 సెంటీమీటర్లు, కూర్చున్న ఎత్తు 86, తొడ ఎముక 44, టిబియా 35.2, బార 165 అనుకుందాం. టిబియా ఒక్కటే 5 సెంటీమీటర్లు సాగదీస్తే 0.80 ఉన్న నిష్పత్తి 0.91 అవుతుంది. తొడ ఒక్కటే 8 సాగదీస్తే 0.68కి పడిపోతుంది. తొడకు 5, టిబియాకు 4 చొప్పున పంచితే 0.80 చెక్కుచెదరదు, ఎత్తూ 9 పెరుగుతుంది. కాగితం మీద ఇదే ముచ్చటగా కనిపిస్తుంది. కానీ అందుకు రెండు తొడ ఎముకలూ, రెండు టిబియాలూ కోయాలి, మత్తు రెండుసార్లు, మోకాలికీ చీలమండకూ వంతులవారీగా కష్టకాలం. అంతా అయ్యాక కూడా కూర్చున్న ఎత్తు 86 దగ్గరే ఉంటుంది, నిష్పత్తి 0.49కి దిగుతుంది. 174 ఎత్తు మనిషికి బార 165 దగ్గరే ఆగిపోతుంది. మొండెం, చేతులు ఏ ఆపరేషన్‌కూ పెరగవు. ఈ మాట రోగికి ముందే చెప్పినవాళ్లు అరుదు. అద్దంలో చూసుకుని తనే కనిపెట్టుకోవాల్సి వస్తోంది.

చూపుకు ఎలా ఉంటుందన్నది కొంత ఎవరి కంటికి వాళ్లది. ఐదు లోపల అయితే బట్టల్లో ఉన్న మనిషిలో తేడా పట్టుకోవడం కష్టమే. వాడుకలో తేడా మాత్రం రోజూ తగులుతుంది. టిబియా పొడవైతే మామూలు కుర్చీలో మోకాళ్లు తుంటికంటే పైకి లేస్తాయి. తొడ పొడవైతే మోకాళ్లు ముందు సీటుకు తగులుతాయి, గొంతుక్కూర్చునేటప్పుడు వెనక్కి పడకుండా ఉండటానికి నడుం మరీ ముందుకు వంచాల్సి వస్తుంది. బరువు ఎత్తేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది.

కొలిచే తీరులోనే తప్పులు దొర్లుతున్నాయి. నిలువెత్తు పొద్దున్న లేవగానే ఒకలా, సాయంత్రానికి ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గి ఇంకోలా ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు సాయంత్రం, తర్వాత పొద్దున్న కొలిస్తే ఎముక ఇవ్వని సెంటీమీటరు టేపు ఇచ్చేస్తుంది. ఇక ఎక్స్-రేలో ఎముక అసలు సైజుకంటే పెద్దగా పడుతుంది. లావు తొడ ఫిల్ముకు దూరంగా ఉంటుంది కాబట్టి మరీ పెద్దగా పడుతుంది. తుంటి నుంచి చీలమండ దాకా నిలబెట్టి తీసే పొడవాటి ఎక్స్-రేలో, వ్యాసం తెలిసిన లోహపు గోళీని ఎముక ఉన్న లోతులోనే చర్మం పక్కన అంటించి తీయాలి. గోళీ 25 మిల్లీమీటర్లది అయి ఫిల్ములో 28 చూపిస్తే అన్ని కొలతలనూ 1.12తో భాగించాలి. గోళీ లేని ఎక్స్-రేతో చెప్పే నిష్పత్తులు ఊహలే. ఆ ఎక్స్-రేలో మోకాలిచిప్పలు సూటిగా ముందుకు చూస్తున్నాయో లేదో కూడా చూడండి. పాదాలు దగ్గరికి చేర్చి నిలబెట్టినంత మాత్రాన చిప్పలు ముందుకు చూడవు. కాలు కాస్త తిరిగి ఉంటే లేని వంకర కనిపిస్తుంది, ఉన్న వంకర దాక్కుంటుంది.

ఇప్పుడు టిబియా దగ్గరికి వద్దాం. ఎక్కువ గొడవ అక్కడే.

ఎముక పెరుగుతుంది, పిక్క కండరం పెరగనంటుంది. పిక్కలో పైన ఉండే గాస్ట్రాక్నీమియస్ మోకాలినీ చీలమండనూ రెండింటినీ దాటి మడమకు అంటుకుంటుంది. మధ్యలో ఎముక పొడవైతే అది మడమను పైకి లాగుతుంది, మోకాలిని వంచుతుంది. చాలామంది రోగులు మోకాలు కాస్త వంచి పాదం పైకెత్తి చూపించి "బాగానే ఉంది" అంటారు. మోకాలు వంచగానే ఆ కండరం వదులవుతుంది కాబట్టి అది పరీక్షే కాదు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు పూర్తిగా చాపి, మడమ పక్కకు ఒరగకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో అరచేతితో పాదాన్ని పైకి నొక్కి, కోణం కొలిచే గోనియోమీటరు పెట్టాలి. తర్వాత మోకాలు వంచి అదే మళ్లీ. చాపినప్పుడు రాక, వంచినప్పుడు వస్తే బిగుసుకుంది గాస్ట్రాక్నీమియస్. రెండు సార్లూ రాకపోతే పిక్కలో లోతుగా ఉన్న సోలియస్ కండరం, కీలు కూడా పట్టేశాయన్నమాట. మడమను పట్టుకోకుండా కొలిస్తే పాదం మధ్యలో విరిగినట్టు వంగి, చీలమండ వంగినట్టు భ్రమ పెడుతుంది. పది డిగ్రీలు ఊరికే కలిసొస్తాయి, చార్టులో పచ్చి అబద్ధం నమోదవుతుంది.

మేం పాటించే గీత ఇది: మోకాలు చాపి ఉండగా పాదం నిటారుకు, అంటే కాలికి 90 డిగ్రీలకు, రావాలి. పావు మిల్లీమీటరు చొప్పున రోజుకు నాలుగుసార్లు సాగదీస్తుంటే, అది రాని రోజున రెండుసార్లకు తగ్గించండి. వారం రోజులు రాత్రంతా స్ప్లింటు, పగలు స్ట్రెచింగు పెట్టినా తిరిగి రాకపోతే ఆపండి. నాలుగు సెంటీమీటర్లే అయినా సరే ఆపండి. అప్పుడు ఆపకుండా అంకె కోసం ముందుకెళ్తే చివరికి పిక్క స్నాయువునో పొరనో కోసి వదులు చేయాల్సి వస్తుంది. అలా పొడవైన కండరం బలం కోల్పోతుంది. ఐదు సెంటీమీటర్లు ఎత్తు పెరిగి, మునివేళ్ల మీద ఒంటికాలితో లేవలేని మనిషి తయారవుతాడు.

నరం సంగతి ఇంకా త్వరగా పట్టుకోవాలి. కామన్ పెరోనియల్ నరం మోకాలికి బయటివైపు, టిబియా పక్కనుండే సన్నటి ఎముక ఫిబ్యులా మెడ చుట్టూ తిరిగి కిందికి వస్తుంది. సాగదీసేటప్పుడు మొదట ఇబ్బంది పడేది అదే. పాదం వేలాడేదాకా ఎవరూ ఆగకూడదు. అంతకు చాలా ముందే పాదం పైభాగంలో దుప్పటి తగిలినా మంట, ఆ తర్వాత బొటనవేలు పైకెత్తడంలో నీరసం కనిపిస్తాయి. ప్రతి విజిట్‌లోనూ బొటనవేలి మీద మీ వేలు పెట్టి ఎత్తమనండి. రెండు కాళ్లకూ చేస్తున్నారు కాబట్టి పోల్చడానికి బాగున్న కాలు లేదు. అందుకే ఆపరేషన్‌కు ముందు రోజు బలం ఎంతో రాసి ఉంచాలి. మంట మొదలైతే వేగం తగ్గించాలి. తగ్గించినా నీరసం పెరుగుతుంటే నరాన్ని వదులు చేసే ఆపరేషన్‌ను వాయిదా వేయకూడదు.

ఫిబ్యులాను కోసి వదిలేస్తే చాలనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పైనా కిందా రెండు చోట్లా దాన్ని టిబియాకు స్క్రూతో బిగించకపోతే సాగదీస్తున్నకొద్దీ కింది ముక్క పైకి జారుతుంది. చీలమండ బయటి గుబ్బ ఎక్కడుండాలో అక్కడ లేకపోతే కీలు బయటికి ఒరుగుతుంది, ఏళ్ల తర్వాత అరుగుతుంది. పై ముక్క కిందికి దిగితే మోకాలు పూర్తిగా చాపడం పోతుంది. ఇవి రెండూ మా వ్యాయామాలతో తిరిగొచ్చేవి కావు.

తొడ ఎముక కొంత ఓర్చుకుంటుంది. చుట్టూ కండ ఎక్కువ, రక్తం ఎక్కువ, కొత్త ఎముక త్వరగా పడుతుంది. దాని బాధలు వేరు. ముందు తొడ కండరాలు బిగిసి మోకాలు వంగదు. బోర్లా పడుకోబెట్టి మడమను పిరుదు వైపు తెచ్చి చూస్తే ఎంత పోయిందో తెలుస్తుంది. బయటివైపు ఇలియోటిబియల్ పట్టీ బిగిస్తే కాళ్లు దగ్గరికి చేరవు, నడుం లోపలికి వంగుతుంది, నడక బాతులా అవుతుంది. ఇంకొకటి. తొడలో రాడ్డు ఎముక మజ్జ గొట్టం వెంట సాగుతుంది. కాలి మీద బరువు పడే గీత మాత్రం తుంటి బంతి నుంచి చీలమండ మధ్యకు వేరే దారిలో వెళుతుంది. రెండింటికీ మధ్య ఆరేడు డిగ్రీల కోణం ఉంది కాబట్టి సాగదీసిన ప్రతి సెంటీమీటరుకూ ఆ గీత మోకాలి దగ్గర సుమారు ఒక మిల్లీమీటరు బయటికి జరుగుతుంది. కాస్త దొడ్డికాళ్లున్న వాళ్లకు అది మేలు చేయొచ్చు. ముందే మోకాళ్లు ఒరుసుకునే వాళ్లకు 8 సెంటీమీటర్లు ఇస్తే వంకరను డబ్బిచ్చి కొనుక్కున్నట్టు.

సాధారణంగా టిబియాకు 5, తొడకు 8 దాకా అని చెబుతుంటారు. ఇవి పై హద్దులు. మీ ప్రకటనల్లో కనీస హామీల్లా కనిపిస్తున్నాయి. పుట్టుకతో కాళ్లూ చేతులూ పొట్టిగా ఉండే అకాండ్రోప్లేసియా ఉన్నవాళ్ల కాళ్లు అంతకంటే చాలా ఎక్కువ సాగిన మాట నిజమే. వాళ్లలో పొట్టి ఎముక చుట్టూ కండ, చర్మం వదులుగా ఉంటాయి. ఆ ఫలితాలను మామూలు శరీరం ఉన్నవాళ్లకు ఆశగా చూపించడం సరికాదు.

వేగం గురించి మీకు చెప్పడం సాహసమే, అయినా చెప్పాలి. సైబీరియాలోని కుర్గాన్‌లో సోవియట్ సర్జన్ ఇలిజరోవ్ 1950ల నుంచి చేసిన పని మనకు ఇచ్చిన సూత్రం చిన్నదే: ఎముక పొరను, రక్తాన్ని కాపాడుతూ నెమ్మదిగా కోయాలి, కొన్ని రోజులు ఆగాలి, తర్వాత రోజుకు మిల్లీమీటరును నాలుగు భాగాలు చేసి సాగదీయాలి. అంతకుముందు 1905లోనే ఇటలీ సర్జన్ కోడివిల్లా తొడను ఒక్కసారిగా లాగి పొడిగించిన పద్ధతిలో కండరాలు, నరాలు దెబ్బతిన్నాయి. ఇప్పుడు కోశాక తొడకు 5 నుంచి 7 రోజులు, టిబియాకు 7 నుంచి 10 రోజులు ఆగుతున్నారు. పెద్దవాళ్ల టిబియాకు రోజుకు 0.75 మిల్లీమీటరు మేలు. త్వరగా ఇంటికి పంపాలని రోజుకు 1.25 చేయిస్తే ఎక్స్-రేలో మధ్యన నల్లటి ఖాళీ వెడల్పవుతుంది, రెండు వైపుల నుంచి రావాల్సిన కొత్త ఎముక తెల్లటి చారలు పలచబడి ఆగిపోతాయి. మరీ నెమ్మదైతే ఎముక ముందే అతుక్కుని రాడ్డు మొరాయిస్తుంది, మళ్లీ కోయాలి. రెండు వారాలకు మించకుండా ఒక ఎక్స్-రే తీసి ఆ చారలు చూశాకే వచ్చే వారం వేగం నిర్ణయించాలి. మొదటి రోజు చీటీ మీద రాసిన వేగమే చివరిదాకా నడిస్తే ఎక్స్-రేలు తీసి ఏం లాభం?

కాలం లెక్క కూడా నిజాయితీగా చెప్పండి. టిబియాకు 5 సెంటీమీటర్లు, రోజుకు 0.75 చొప్పున, సాగదీయడానికే 67 రోజులు. ముందు ఆగిన వారం పది రోజులు అదనం. ఆ తర్వాత గట్టిపడాలి. మొత్తం మీద సెంటీమీటరుకు నెల నుంచి నెలన్నర లెక్కేస్తే ఐదు నుంచి ఏడున్నర నెలలు. రెండు దిక్కుల ఎక్స్-రేల్లో కనిపించే కొత్త ఎముక నాలుగు గోడల్లో మూడు కుదిరేదాకా పూర్తి బరువు వేయనివ్వకూడదు. "మూడు నెలల్లో ఆఫీసుకు" అన్న మాటలో నడక కర్రలు కనిపించవు. పొగ తాగేవాళ్లకు ఈ లెక్కలేవీ వర్తించవు, ముందు మాన్పించాలి. విటమిన్ డి తక్కువుంటే సరిచేశాకే కోయాలి. నొప్పికి వాడే ఇబుప్రొఫెన్ తరహా మాత్రలు నెలల తరబడి రాసిస్తే కొత్త ఎముకకు మంచిది కాదు.

రెండు తొడల మజ్జ గొట్టాలనూ ఒకే పూట రీమర్‌తో తొలిస్తే కొవ్వు ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. తొలిచే ముందే కోయబోయే చోట రంధ్రాలు వేసి ఒత్తిడి బయటికి పోనివ్వడం మీకు తెలియంది కాదు. ఆ ప్రమాదం పేరు సమ్మతి పత్రంలో ఉందా, రోగికి అర్థమయ్యే మాటల్లో ఉందా అన్నదే మా ప్రశ్న. "అరుదుగా కాంప్లికేషన్లు రావచ్చు" అనే వాక్యం కింద ప్రాణం పోవడం, పాదం వేలాడటం, బయటి ఫ్రేము పిన్ను చుట్టూ చీము పట్టడం అన్నీ ఒకే వరుసలో నిలబడకూడదు. వీటిని కాళ్లు పొడిగించే సర్జన్ డ్రోర్ పేలీ 1990లోనే మూడుగా విడదీశాడు: ఆపరేషన్ లేకుండా సర్దుకునేవి, మళ్లీ ఆపరేషన్ అడిగేవి, చికిత్స ముగిసినా మిగిలిపోయేవి. మీ దగ్గర గత కేసుల్లో ఏ గుంపులో ఎందరున్నారో రోగికి చూపించండి. అది చూపించలేనివాళ్లు ముందూ తర్వాతా ఫొటోలు చూపించకపోతే బాగుంటుంది.

పరికరం కొత్తదనగానే భరోసా వద్దు. కాలు తిప్పుడుకు తనంతట సాగే ఐఎస్‌కేడీ రాడ్డు కొందరిలో అదుపు లేకుండా సాగిపోయింది. పూర్తి బరువు ఓర్చుతుందని మెచ్చుకున్న స్ట్రైడ్ అనే ఉక్కు రాడ్డును, అది జారే అతుకు దగ్గర తుప్పు, పక్క ఎముకలో మార్పులు కనిపించాక 2021లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. అయస్కాంతంతో సాగే టైటానియం రాడ్డు వేగాన్ని బాగా అదుపు చేస్తుంది, వెనక్కీ తిప్పొచ్చు. కానీ ఎముక గట్టిపడక ముందే పూర్తి బరువు వేస్తే వంగుతుంది, విరుగుతుంది.

ఇంకో మాట, క్లుప్తంగా. "ఎంత ఎత్తైతే చాలు?" అని అడిగినప్పుడు జవాబు ప్రతిసారీ మారుతున్న మనిషికి కత్తి పెట్టకండి. మానసిక నిపుణుడి దగ్గరికి పంపడం తంతుగా కాక, ఆపరేషన్ వద్దనే అధికారం ఆ నిపుణుడికి ఉండేలా జరగాలి.

మేం అడుగుతున్నది ఒక కాగితం. కన్సల్టేషన్ రోజునే నింపి రోగి చేతికివ్వాలి. అందులో పైన చెప్పిన కొలతలు, గోళీతో సరిచేసిన ఎముకల పొడవు, ఇప్పుడున్న నిష్పత్తులు, ఆపరేషన్ తర్వాత అయ్యే నిష్పత్తులు ఉండాలి. చీలమండ, మోకాలు, తుంటి ఎన్ని డిగ్రీలు వంగుతున్నాయో, బొటనవేలి బలం ఎంతో ఉండాలి. "ఇన్ని సెంటీమీటర్లు వస్తాయి" అనే వాక్యం బదులు "ఈ కీలు ఈ డిగ్రీ దాకా రాకపోతే, ఎన్ని సెంటీమీటర్లు వచ్చినా ఆపుతాం" అనే వాక్యం ఉండాలి, దాని కింద మీ సంతకం ఉండాలి. రుసుము సెంటీమీటరు లెక్కన తీసుకునే పద్ధతి మానేయాలి. ఆపాల్సిన రోజున ఆపడానికి అది మీకూ అడ్డమే, రోగికీ అడ్డమే.

దూరం నుంచి వచ్చి మూడు వారాలకే వెళ్లిపోయే రోగుల విషయంలో ఆ కాగితం వెనక ఇంకొన్ని రాయండి: ఏ రాడ్డు, ఎంత పొడవు సాగగలదు, ఇప్పటికి ఎంత సాగింది, రాడ్డును బయటి నుంచి సాగదీసే యంత్రాన్ని చర్మం మీద ఎక్కడ గుర్తు పెట్టి ఏ దిక్కుకు ఆనించాలి, లోపల అయస్కాంతం ఉంది కాబట్టి ఎం.ఆర్.ఐ. గదిలోకి వెళ్లే ముందు ఎవరిని అడగాలి, రాడ్డు ఎప్పుడు తీయించాలి. అర్ధరాత్రి పాదం మండితే ఎత్తే ఫోను నంబరు కూడా. రోగి మా దగ్గరికి వచ్చేసరికి ఆ యంత్రం సంచిలో ఉంటోంది, ఏ వైపు తిప్పాలో రాసిన చీటీ ఉండటం లేదు.

ఇట్లు,
కాళ్ల పొడిగింపు తర్వాత రోగులను నడిపించే ఫిజియోథెరపిస్టులు